దోమతెరలో బర్రెదూడ

నాకు మేలు చేసినవాళ్లందరికీ ఏదో ఒకరోజు చేతులు జోడించి కృతజ్ఞత చెప్పుకున్నాను. లాజరు గారి బర్రెకు మాత్రం చెప్పలేదు. దానికి చెబితే నవ్వుతారని ఊరుకున్నాను. నవ్వితే నవ్వారు, ఇప్పుడు చెబుతున్నాను.

అది పంతొమ్మిది వందల డెబ్భై ఒకటి, ఆగస్టు నెల. నా పేరు దేవసహాయం. వయసు ఇరవై నాలుగు. బి.ఎస్సీ. చదివి, సూర్యాపేటలో జనం దోమల ఆఫీసు అని పిలుచుకునే చోట ఇన్సెక్ట్ కలెక్టర్‌గా చేరాను. కొడుక్కి కలెక్టర్ ఉద్యోగం వచ్చిందని మా అమ్మ వీధంతా చెప్పుకుంది. ఆమె సంతోషం చూసి కలెక్టర్‌కు ముందున్న 'ఇన్సెక్ట్' మాట నేను ఎత్తలేదు.

నా పనల్లా తెల్లవారుతుండగా పశువుల కొట్టాల్లో దూరడం. రాత్రంతా పశువుల నెత్తురు తాగిన దోమలు కదలలేక గోడలు పట్టుకుని ఉంటాయి. ఒక చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో గాజు గొట్టం, దాని చివర రబ్బరు గొట్టం నా నోట్లో. దోమ దగ్గర పెట్టి చిన్నగా పీలిస్తే అది గాజులోకి వచ్చి పడుతుంది. మధ్యలో వలగుడ్డ ఉంటుంది కాబట్టి నోట్లోకి రాదు. ఈ మాట పెళ్లిచూపుల్లో చెప్పుకోదగ్గది కాదని నాకు అప్పటికే అనుభవమయింది.

ఆ రోజు మునగాల పక్కన కాలువ కింది ఊరికి వెళ్లాను. సాగర్ కాలువ వచ్చి మూడు నాలుగేళ్లయింది. చేలన్నీ వరి, వరి మళ్లలో దోమ, దోమ వెనకే చలిజ్వరం. ఒక కొట్టంలో బర్రె వెనక, గోడ కిందివైపు దోమలు బాగా కనిపించాయి. మోకాళ్ల మీద వంగి, పొదుగు పక్కగా తల పెట్టి పీలుస్తున్నాను. వీపు మీద చీపురు దెబ్బ పడింది.

"సిగ్గు లేదూ! దూడకి కూడా మిగల్చకుండా గొట్టం పెట్టి పాలు తాగుతావా?"

నోట్లో గొట్టం ఉంది. తీస్తే దోమలు పోతాయి. "ఊఁ, ఊఁ" అన్నాను.

"ఏంటి ఊఁ ఊఁ? శుభ్రంగా పాంటు వేసుకున్నావు. ఆకలేస్తే అడిగితే ఇంత గంజి పోయమా?"

గొట్టం కొనకు దూది కుక్కి, తల తిప్పి చూశాను. చీపురు మళ్లీ ఎత్తి పట్టుకుని ఉంది. కోపంలో కూడా అంత అందంగా ఉన్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. దెబ్బ మండుతున్నా ఆ మాట నిజం.

"పాలు కాదండీ. దోమలు. గవర్నమెంటు పని."

"దోమలా! వాటిని పడితే నీకు జీతం ఇస్తారా?"

"ఇస్తరు. తక్కువనే గని, ఇస్తరు."

ఆమె నా చేతిలోంచి టార్చి తీసుకుని గాజు గొట్టం మీద వేసింది. పెదవులు కదిపింది. "ఇరవై ఏడున్నాయి" అంది. నేను రెండుసార్లు లెక్కపెట్టుకోవలసి వచ్చింది. ఇరవై ఏడే.

అప్పుడే వాన అందుకుంది. చూరు కింద నిలబడ్డాను. ఆమె ఇత్తడి గ్లాసులో టీ తెచ్చింది. పేరు శాంతకుమారి అనీ, ఆ ఊరి బడిలో టీచరనీ, కోదాడలో అమ్మమ్మ దగ్గర పెరిగిందనీ టీ అయ్యేలోపల తెలిసింది. మాట కోదాడ మాటే. ఇందాకటి 'నువ్వు' కాస్తా 'మీరు' అయింది.

"ఇందులో ఆడదేదో, మగదేదో మీకెలా తెలుస్తుంది?"

"మగదానికి మీసాలు గుబురుగ ఉంటయి. అది కుట్టదు. కుట్టేది ఆడదే."

"అంటే మగవాళ్లకి మీసాలే గాని పని లేదన్నమాట" అంది చాలా గంభీరంగా.

వాన అంత త్వరగా తగ్గినందుకు ఆ రోజు చాలా తిట్టుకున్నాను. బస్సులో కూర్చుని ఫారం నింపాను. కొట్టం గోడలకు దోమల మందు కొట్టిన తేదీ, ఆ తర్వాత కొట్టంలో దొరికిన బతికున్న దోమలు. ఇరవై ఏడు అని రాసి కింద సంతకం చేశాను. మందు కొట్టిన మనిషి పేరు మరో కాగితంలో ఉంటుంది. అది చూడడం నా పని కాదు, చూడలేదు.

రెండు వారాల తర్వాత ఆఫీసుకు వెళ్లేసరికి వరండాలో ఖాకీ చొక్కా పెద్దాయన ఒకరు నిలబడి ఉన్నారు. పక్కన తడిసిన గొడుగుతో శాంతకుమారి. లోపల మా ఆఫీసరు జగన్మోహన్ గారు గట్టిగా మాట్లాడుతున్నారు.

"మందు సరిగ్గ కలిపితే దోమలెట్ల బతికినయి లాజరూ? పలచగ కలిపినవ్. రేపటి నుంచి పనికి రాకు."

"సార్, పదమూడేండ్ల సంది కొడుతున్న. చెప్పిన కొలత తప్పలే" అన్నారు పెద్దాయన.

"మా కొట్టం కూడా మా నాన్నే కొట్టారండీ" అంది శాంతకుమారి. "సొంత గొడ్డు ఉండే చోట ఎవరైనా ఉత్త నీళ్లు కొట్టుకుంటారా?"

"మరి కాగితం అబద్ధం చెబుతదా అమ్మా?"

కాగితం నాది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆమె నన్ను చూసింది. ఆ ఆఫీసులో ఆమెకు తెలిసిన ముఖం నాదొక్కటే.

"మీరైనా చెప్పండి" అంది.

ఆ కాగితం రాసింది నేనేనని అప్పుడే చెప్పవలసింది. చెబితే మళ్లీ నా ముఖం చూడదని భయమేసింది. "ఏదన్న చేస్తనండి" అన్నాను. పిరికివాడి మాట అది. దాచడం తప్పని తెలుసు, దాచాను.

ఏం చేయాలో మూడు రోజులు ఆలోచించాను. దోమలే మారిపోయాయేమోనని అనుమానం. అది తేల్చడానికి మా దగ్గర ఒక పరీక్ష ఉంది. మందులో నానబెట్టిన కాగితం చుట్టిన గొట్టంలో ఇరవై అయిదు దోమలను గంటసేపు ఉంచి, మర్నాడు ఎన్ని బతికాయో చూడాలి. ఆ కొట్టం దోమలను పెడితే పదహారు బతికాయి.

"కాగితాలు పాతవయ్యుంటయి" అన్నారు జగన్మోహన్ గారు.

"అయితే అదే కాగితం మీద తిరుమలగిరి దోమలను పెడత సార్. గాడ కాలువ లేదు, వరి తక్కువ. మందు గూడ ఎప్పుడో ఒకసారి కొట్టిన్రు."

ఆదివారం తిరుమలగిరి బస్సెక్కాను. ఆఫీసులో ఎవరో చెప్పారట, ముందు సీట్లో శాంతకుమారి కూర్చుని ఉంది. "మా నాన్న పేరు కోసం మీరొక్కరే తిరిగితే బాగుండదు" అంది. తిరుగు ప్రయాణంలో తడి తువ్వాలు కప్పిన దోమల పెట్టెను ఒళ్లో పెట్టుకుంది.

కండక్టరు ఆగాడు. "పెట్టెల ఏముంది?"

"దోమలు."

"మా బస్సుల ఉన్నయి చాలవా?" అని టికెట్లు కొట్టి ముందుకు వెళ్లాడు. ఆమె కిటికీ వైపు తిరిగి సూర్యాపేట దాకా నవ్వుతూనే ఉంది. ఆ రోడ్డు మీద గుంతలు పూడ్చనివాళ్లకు కూడా నేను కృతజ్ఞుడినే, ప్రయాణం గంట ఎక్కువ పట్టింది.

తిరుమలగిరి దోమల్లో ఒక్కటే బతికింది. ఆ ఊపు మీద కాలువ వెంట తిరిగాను. మిర్యాలగూడ దోమల్లో పద్దెనిమిది బతికాయి. కాలువకు దూరంగా, సూర్యాపేట చుట్టుపక్కల తొమ్మిది. మ్యాపు గీసి తీసుకెళ్లాను. జగన్మోహన్ గారు కళ్లద్దాలు తీసి చాలాసేపు చూశారు. చెడ్డమనిషి కాదు, తొందరమనిషి.

"సరే. బతుకుతున్నయి. ఎందుకు? పలచటి మందు మీద వాలి వాలి అలవాటు పడ్డయి. అంటే మళ్ల లాజరు తప్పే గద?"

"అలవాటు కాదు సార్. పుట్టుకతోనే వచ్చిన గుణం."

"అట్లయితే చూపించు. వీటి మనుమలు, మనుమరాండ్లు మందు వాసన గూడ చూడకుండ పెరగాలె. పెరిగి, కాగితం మీద బతకాలె. బిడ్డలు చాలవు, తల్లి కడుపుల ఉండంగ మందు తగిలిందంటరు. మనుమలు కావాలె. అప్పుడు లాజరును నేనే పిలిపిస్త."

బతికిన దోమలతో గుడ్లు పెట్టించాను. పిల్లలు పుట్టాయి, రెక్కలొచ్చాయి. అక్కడితో ఆగిపోయింది. మా ఆఫీసు పెట్టెలు అడుగు పొడవు, అడుగు వెడల్పు. ఈ జాతి దోమలు ఇరుకులో జతకట్టవు. మసక వెలుతురులో విశాలంగా ఎగరాలి. జతకట్టకపోతే మనవలు లేరు, మనవలు లేకపోతే లాజరు గారికి పని లేదు.

ఆ మాట వాళ్లింటి అరుగు మీద కూర్చుని చెప్పాను. లాజరు గారు నేల చూస్తున్నారు. ఊళ్లో జనం ఆయన వెళుతుంటే గుసగుసలాడుతున్నారట. చర్చికి వెళ్లడం కూడా మానేశారు.

శాంతకుమారి లేచి లోపలికి వెళ్లింది. పెట్టె మూత చప్పుడయింది. తెల్లటి కొత్త దోమతెరతో వచ్చింది.

వాళ్లమ్మ దుర్గమ్మ గారు అడ్డం పడ్డారు. "అది నీ పెండ్లికి కుట్టిన తెర! దోమలు రావద్దని కట్టే తెరల దోమలను పెంచుతరా? లోకంల యాడనన్న ఉన్నదా?"

"నాన్న తల దించుకుని తిరుగుతుంటే నాకు పెళ్లెందుకే అమ్మా" అంది. తెర కట్టడానికి తాళ్లు దుర్గమ్మ గారే తెచ్చారు.

మందు పడని కొత్త పాక ఒకటి పెరట్లో ఉంది. అందులో తెర కట్టాం. శుభ్రమైన నీళ్లలో పెరిగిన దోమలు కాబట్టి జ్వరం భయం లేదు. కానీ గుడ్లు పెట్టాలంటే నెత్తురు తాగాలి. మనిషి కంటే పశువంటేనే వాటికి ఇష్టం. అందుకని సాయంత్రం పూట బర్రెదూడను తెర లోపల కట్టేశాం. ఊరంతా చూడడానికి వచ్చింది. మనుషులు బయట, దోమలు లోపల, మధ్యలో పెళ్లికూతురిలా దూడ.

"సూసిన్రా, లాజరు ఇంట్ల బర్రెకు గూడ దోమతెర" అన్నారు ఎవరో. నెల రోజుల తర్వాత లాజరు గారు మొదటిసారి నవ్వారు.

సూర్యాపేట నుంచి రోజు విడిచి రోజు వచ్చేవాణ్ణి. అక్టోబరు ముసురు. పొద్దు వాలుతుండగా మేమిద్దరం తెర బయట కూర్చుని చూసేవాళ్లం. దుర్గమ్మ గారు గడపలో కూర్చుని మమ్మల్ని చూసేవారు. ఒకరోజు తెర పైభాగంలో మగ దోమలు గుంపుగా కిందికీ మీదికీ ఎగరసాగాయి.

"అదిగో! మగవన్నీ గట్ల ఆడుతయి. ఆడది ఒక్కతే లోపలికొస్తది. ఒకణ్ణి ఏరుకుంటది."

"ఎలా ఏరుకుంటుంది?"

"అది మాకు గూడ ఇంక తెల్వదు."

"మీసాలు చూసి మాత్రం కాదులే" అంది. కాసేపాగి, నా వైపు చూడకుండా, "మీరు నాకేమైనా చెప్పాలా?" అని అడిగింది.

చెప్పవలసినవి రెండున్నాయి. ఒకటి చెబితే రెండోది చెప్పే అర్హత పోతుంది. "ఏం లేదండీ" అన్నాను. ఆమె లేచి దూడకు గడ్డి వేయడానికి వెళ్లిపోయింది.

గుడ్లు వచ్చాయి. గుడ్ల నుంచి పిల్లలు, పిల్లల నుంచి దోమలు. మనవలు, మనవరాళ్లు. జగన్మోహన్ గారు స్వయంగా జీపులో వచ్చి, తన చేత్తో గొట్టంలో ఇరవై అయిదింటిని పెట్టారు. మర్నాడు పొద్దున ఆయనే లెక్కపెట్టారు. పంతొమ్మిది బతికాయి.

"ఇది పుట్టుకే" అన్నారు మెల్లగా. "మనం ఏండ్ల తరబడి కొట్టినం. తట్టుకోలేనివి చచ్చినయి. ఎన్నడో ఒకటో రెండో తట్టుకునేవి ఉండె. వాటి సంతానమే మిగిలింది."

దుర్గమ్మ గారు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ముందుకొచ్చారు. "గిది మాకు ఎరకనే సారూ. నాటు వేసినంక కలుపు తీస్తం గద. కనబడ్డ గడ్డి అంత పీకేస్తం. వరి లెక్కనే కనబడే ఊద గడ్డి ఒక్కటి మిగులుతది. మళ్లేడాది దాని విత్తులే మొలుస్తయి. కలుపు తీసుడు రాని చేన్ల అన్ని గడ్లుంటయి. మంచిగ తీసిన చేన్ల ఊదనే ఉంటది."

మాకు పుస్తకంలో నలభై పేజీలు పట్టిన సంగతి అది. జగన్మోహన్ గారు లాజరు గారి వైపు తిరిగారు.

"అంటే నువ్వు పలచగ కొడితే గిట్ల కాకపోవు. తట్టుకోలేనివి గూడ బతికి ఉండేవి. నువ్వు గట్టిగ కొట్టినవ్ కాబట్టే ఊద మిగిలింది. తప్పు నాది లాజరూ. సోమవారం పనిల చేరు. మందు మార్చాలని పైకి నేను రాస్త."

లాజరు గారు గోడకు తగిలించిన ఖాకీ చొక్కా తీసి, దుమ్ము దులిపి, తొడుక్కున్నారు. అది సోమవారం కాదు, శుక్రవారం. అయినా సాయంత్రం దాకా విప్పలేదు.

మేలు జరిగినప్పుడు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం మా క్రైస్తవుల్లో ఆనవాయితీ. నవంబరు ఆఖరున లాజరు గారింట్లో పెట్టారు. చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తారు, ఇంటివాళ్లు లేచి తమకు జరిగిన మేలు అందరి ముందూ సాక్ష్యం చెబుతారు, తర్వాత భోజనం. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు.

లాజరు గారు లేచారు. "పోయిన పేరు మల్ల వచ్చింది. దేవుడికి స్తోత్రం. దేవుడు ఈ దేవసహాయాన్ని పంపకుంటే నేను తలెత్తకపోదును. తిండి మాని, బస్సులు పట్టుకొని తిరిగిండు. నా కన్న కొడుకు గూడ గంత చేయడు."

ఆయన ఒక్కో మాటకీ నేను కుంచించుకుపోయాను. ఆయన కూర్చునేలోపల నేను లేచాను.

"లాజరు గారూ, నన్ను పొగడకున్రి. ఆ కాగితం రాసింది నేనే. మీ కొట్టంల ఇరవై ఏడు దోమలున్నయని రాసి సంతకం చేసిన. ఆ కాగితంతోనే మీ పని పోయింది. ఆ రోజే చెప్పాలె. చెబితే... మీ ఇంటికి రానియ్యరని చెప్పలే. మూడు నెలలు మీ ఇంట్ల అన్నం తిన్న. మీ స్తోత్రం నాకు వద్దు."

తలుపు వైపు అడుగు వేశాను.

"కూర్చోండి" అంది శాంతకుమారి, ఆడవాళ్ల వరసలోంచి. "ఆ కాగితం నకలు పని తీసేసిన రోజే నాన్నకిచ్చారు. కింద మీ పేరుంది. మాకు మొదటి నుంచీ తెలుసు."

నేను కూర్చోలేదు. కూర్చోవడం మరిచిపోయాను. "మరి నన్ను ఇంట్లకెట్ల రానిచ్చిన్రు?"

జవాబు లాజరు గారు చెప్పారు. "మొదలు కోపమొచ్చింది బిడ్డా, ఎందుకు రాదు? గని ఆ ఇరవై ఏడు నా బిడ్డ గూడ లెక్కవెట్టింది. నువ్వు ఉన్నది ఉన్నట్టు రాసినవ్. నేను గూడ ఉన్న కొలత ఉన్నట్టే కలిపిన. మనిద్దరం నిజమే చేసినం, నడుమ కిరికిరి దోమలది. అది సమజయినంక నేను నీ మీద కోపం పెట్టుకోలే. నువ్వు వచ్చి చెబుతవా లేదా అని మాత్రం రోజూ చూసిన."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తప్పు చేసిన మనిషికి మూడు నెలలు కడుపునిండా అన్నం పెట్టి, నోరు విప్పేదాకా ఓపిక పట్టినవాళ్లకు ఏమని కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియలేదు.

శాంతకుమారి లేచి నిలబడింది. "అయ్యగారూ, నాదీ ఒక సాక్ష్యం ఉంది."

"చెప్పమ్మా."

"ఒకాయన మా ఇంటికి వస్తూ దోమల గురించి చెప్పనిది లేదు. కాళ్లెన్ని, మీసాలెన్ని, పెళ్లిళ్లు ఎలా చేసుకుంటాయి, అన్నీ చెప్పారు. నేను మాత్రం ఒకరోజు, మీరు నాకేమైనా చెప్పాలా అని అడిగాను. ఏం లేదన్నారు. ఆ రోజు అబద్ధం చెప్పారు. ఇవాళ సగం నిజం బయటపెట్టారు. మిగతా సగం ఉంటే అదీ ఇక్కడే చెప్పమనండి. మళ్లీ మూడు నెలలు ఆగే ఓపిక నాకు లేదు."

కూడికలో ఉన్న నలభై తలలూ నా వైపు తిరిగాయి. దుర్గమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు.

"ఉన్నది" అన్నాను. "టీచరమ్మను పెండ్లి చేసుకోవాలనున్నది. మీరందరు ఒప్పుకుంటెనే."

అయ్యగారు బైబిలు మూసి, కళ్లద్దాల మీంచి చూశారు. "లాజరూ, కూడిక కృతజ్ఞతకని పెట్టుకున్నం. ఈ పిల్లగాడు చెప్పింది స్తోత్రమా, విన్నపమా? నేను దేనికని ప్రార్థన చేయాలె?"

లాజరు గారు ఖాకీ చొక్కా గుండీలు సర్దుకుని కూతురి వైపు చూశారు. ఆమె తల ఊపింది.

"విన్నపం అతనిది అయ్యగారూ" అన్నారు. "స్తోత్రం మాది."

అయ్యగారు అందరినీ తలలు వంచి కళ్లు మూసుకోమని, రెండింటికీ కలిపి పెద్ద ప్రార్థనే చేశారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆడవాళ్ల వరస వైపు చూస్తే ఆమె కూడా మూసుకోలేదు.